ఉయ్యాల పరుపు, బాలింత కంచం

జనం చెప్పేది

బిట్రగుంటలో నా గురించి ఒక కథ చెప్పుకుంటారు. చెప్పేవాళ్ళలో సగంమంది అప్పటికి పుట్టనైనా లేదు, అయినా కళ్ళారా చూసినట్టే చెబుతారు. అల్లూరులో ఒక పెద్దింట్లో బారసాల జరుగుతోందట. పేరంటాళ్ళు కూర్చుని ఉయ్యాల పాట అందుకున్నారట. ఇంతలో రమణయ్య కొట్లో పనిచేసే రాజేశ్వరి, అంటే నేను, గుమ్మం దాటి వచ్చి, సంచిలోంచి కత్తెర తీసి, బిడ్డను వేయబోతున్న ఉయ్యాలను పరపరా చీల్చేసిందట. ఎందుకయ్యా అంటే, ఆ ఉయ్యాలకు గుడ్డ వేసే పని తనకు కాకుండా ఇంకొకరికి ఇచ్చారని కోపమట. చదువుకున్న ఆడదానికి అంత కోపం పనికిరాదని చివర్లో నీతి కూడా కలుపుతారు.

ఒక్కొక్కటే చెబుతాను. అది బారసాల కాదు, బిడ్డకు అప్పటికే మూడో నెల. పాట ఎవరూ పాడటం లేదు, వాన కురుస్తోంది. నా చేతిలో ఉన్నది శ్రావణం, మేకులు పీకే పట్టకారు. కత్తెరతో మేకులు ఊడవని ఈ కథలు అల్లేవాళ్ళకు తెలియదు. చీల్చలేదు, మేకు తర్వాత మేకు పీకి విప్పాను. కోపం వచ్చిన మాట మాత్రం నిజం. అది ఇప్పటికీ తగ్గలేదు కనుకనే ఇది రాస్తున్నాను.

మా ఊళ్ళో కుట్టుపని తరగతికి వచ్చే అమ్మాయిలు కొంతమంది పరుపులు, కుషన్లు కుట్టడం నేర్చుకుంటున్నారు. "మీ అనుభవాలు రాసివ్వండి మేడమ్, మాకు పనికొస్తాయి" అని అడిగారు. దబ్బనం ఎలా పట్టుకోవాలో వాళ్ళ పంతులమ్మ చెబుతుంది. పంతులమ్మకు చెప్పడానికి మొహమాటంగా ఉండేవి నేను చెబుతాను.

ఇంగ్లీషు కోసం పెట్టుకున్న మనిషి

నేను ఈ పనిలోకి సూది పట్టుకుని రాలేదు, నోరు పట్టుకుని వచ్చాను.

యాభైల చివర్లో బిట్రగుంట రైల్వే కాలనీలోని ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఒక్కొక్కటీ సామాను అమ్ముకుని వెళ్ళిపోతుండేవి. కొందరు మద్రాసుకు, కొందరు ఓడెక్కి ఇంకా దూరానికి. వాళ్ళ టేకు బీరువాలు, నిలువుటద్దాలు, పేము కుర్చీలు, పిల్లల ఉయ్యాలలు మా మేనమామ రమణయ్య కొని, బాగుచేయించి, చుట్టుపక్కల వరిపొలాలున్న ఇళ్ళకు అమ్మేవాడు. ఆ దొరసానులతో బేరం ఆడాలంటే ఇంగ్లీషు కావాలి. ఇంట్లో బి.ఏ. చదివి, లోకో షెడ్డు గుమస్తాను పెళ్ళాడి, మధ్యాహ్నాలు నవల పట్టుకుని కూర్చునే మేనకోడలు ఉండనే ఉంది.

"రా అమ్మణ్ణీ, రెండు ముక్కలు ఇంగ్లీషు మాట్లాడి పో" అన్నాడు. వెళ్ళినదాన్ని మళ్ళీ నవల దగ్గరికి రాలేదు.

మా మామ చెడ్డవాడని మీరు అనుకోకూడదు. చెక్క విషయంలో ఆయన ఎవరినీ మోసం చేసి ఎరగడు. వేలి మెటికతో తట్టి పురుగు పట్టిందో లేదో చెప్పేవాడు. పుచ్చిన కాలుంటే దాన్ని కోయించి కొత్త కాలు వేయించేవాడు తప్ప లక్క పూసి దాచేవాడు కాదు. ఆ నిజాయితీ అంతా చెక్క దగ్గర ఆగిపోయేది. గుడ్డ మొదలైన చోట మనిషి మారిపోయేవాడు.

కుషన్ల పని మస్తానన్న చేసేవాడు. చెయ్యి మంచిది, చెప్పినట్టు వింటాడు, రెండోదే చిక్కు. ఒకరోజు ఊసుపోక, ఎవరూ లేనప్పుడు, ఒక పడక్కుర్చీ సీటు నేనే విప్పాను. పైన రెక్సిన్. దాని కింద పూలగుడ్డ. దాని కింద ఒకప్పటి ఆకుపచ్చ మొఖమల్. ఆ కింద గోనెపట్టా, గుర్రపు వెంట్రుకలు. ఆ వెంట్రుకల్లో ఎవరిదో చొక్కా గుండీ, రొట్టెముక్క, ఒక ఎలుక కాపురం. వచ్చిన ప్రతివాడూ కిందదాన్ని ముట్టుకోకుండా పైన ఇంకో గుడ్డ వేసి మేకులు కొట్టాడన్నమాట.

"ఇదేంది మామా?" అన్నాను.

"అందరూ ఇట్టనే చేస్తారు తల్లీ. కూర్చునేవోడికి మెత్తంగా ఉంటే చాలు. లోపల ఏముండాదో వాడి పిర్రకేం తెలుసు?"

పెద్దవాళ్ళ పిర్రల సంగతి నేను వాదించను. వాళ్ళకు నచ్చకపోతే లేచి నిలబడగలరు. పసిబిడ్డ లేవలేదు. ముఖం ఆనించి, నోరు తెరిచి, అక్కడే పడుకుంటుంది. పిల్లల సామాను వరకైనా మొత్తం విప్పి చేయాలని ఆ రోజు మొదలుపెట్టిన గొడవ కొట్టు మూసేదాకా నడిచింది.

అద్దంలో ఉయ్యాల చూసేవాళ్ళు

మన పనిలో పెద్ద చిక్కు ఏమిటంటే, బిడ్డ పుట్టకముందు ఎవరూ బిడ్డ కోసం ఏమీ కొనరు. కొనకూడదు. గుడ్డముక్క కూడా కొత్తది ఇంట్లోకి తేరు, పుట్టిన బిడ్డను పాత నూలు చీర ముక్కలోనే చుడతారు. ఇక ఉయ్యాల మాట ఎత్తుతారా?

ఏడో నెల కడుపుతో ఉన్న కూతురిని ఇంటికి తెచ్చుకున్న తల్లులు మా కొట్టుకు వచ్చేవాళ్ళు. బీరువా చూడాలనేవాళ్ళు. ఉయ్యాలల వైపు వీపు పెట్టి నిలువుటద్దం ముందు నిలబడి, బీరువా సంగతి అడుగుతూ, అద్దంలోంచి ఉయ్యాలలు చూసుకునేవాళ్ళు. నేనూ అద్దంతోనే మాట్లాడేదాన్ని. "ఆ మూల ఉండేది గట్టి టేకు. ఎవరికో అంటున్నాలేండి" అంటే, "ఎవరికైతే మనకేంది" అని నవ్వుకుంటూ వెళ్ళేవాళ్ళు.

ఆ భయాన్ని నేను వెక్కిరించను. ఖాళీ ఉయ్యాల ఉన్న ఇల్లు ఎలా ఉంటుందో చూసినదాన్ని. కానీ దానివల్ల పనిలో ఏమవుతుందో చూడండి. బిడ్డ పుట్టిందని కబురు రాగానే ఇరవైయొకటో రోజుకు ఉయ్యాల కావాలి. విప్పి, దులిపి, ఎండబెట్టి, కొత్త దూది నింపే వ్యవధి లేదు. మీద గుడ్డ మార్చే వ్యవధి మాత్రం ఉంటుంది. మోసం ఆ సందులోంచి దూరుతుంది.

అందుకని నేను చేసింది ఇది: కొట్టుకు వచ్చిన ప్రతి ఉయ్యాలనూ, ఎవరూ అడగకముందే, వచ్చిన వారంలోనే విప్పించి, ఉత్త చెక్క చేసి ఉంచడం. ఎవరికని పేరు పెట్టకపోతే ఏ దోషమూ లేదు. అమ్మాయిలూ, ఇది మీరు ఇప్పటికీ చేయవచ్చు. మామ మాత్రం, "ఉత్త చెక్క చూపిస్తే ఎవురు కొంటారే, పీటల మీద తలకట్టు లేని పెళ్ళికూతురు మాదిరి ఉండాది" అని సణిగేవాడు. సణుగుతూనే ఒప్పుకున్నాడని నేను అనుకున్నాను.

డొరొతీ గారి ఉయ్యాల

ఒక ఇంజను డ్రైవరు గారి భార్య, డొరొతీ అనే ఆవిడ, వెళ్ళిపోయే ముందు తన పిల్లలందరూ పెరిగిన ఉయ్యాల అమ్మింది. నాలుగు వైపులా పూలగుడ్డ వేసిన మెత్తటి దిళ్ళు బిగించి, లోతుగా గుండీలు కుట్టిన పెద్ద టేకు ఉయ్యాల. అంత అందమైన సామాను మా కొట్టుకు మళ్ళీ రాలేదు. బండికి ఎత్తుతుంటే ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఇంగ్లీషులో చెప్పింది: "పోయినేడు గాలివానకి ఇంటి కప్పు కారి ఇది నానిపోయింది. ఎంత ఎండబెట్టినా లోపల ఆరలేదు. లోపలిదంతా తీసేయకుండా ఏ బిడ్డనూ ఇందులో పడుకోబెట్టవద్దు. మాట ఇవ్వు."

మాట ఇచ్చాను. మామకు తెలుగులో చెప్పాను, అరటిపండు ఒలిచినట్టు. గుర్రపు వెంట్రుకలకు తడి తగిలితే, మన సముద్రపు గాలికి అది పూర్తిగా ఆరదు. ఎండల్లో ఆరినట్టే ఉంటుంది, వానలు మొదలు కాగానే మళ్ళీ చెమ్మ పీల్చుకుంటుంది. దాని మీద రెక్సిన్ వేస్తే పట్టిన చెమ్మ పైకి పోయే దారి కూడా ఉండదు. అదీ కాక మేకుల రంధ్రాల్లోంచి, కుట్లలోంచి బిడ్డ ఉచ్చ లోపలికి దిగుతుంది. దిగింది అక్కడే ఉంటుంది.

సరిగ్గా ఆ వారం కావలిలో మా చెల్లెలి పెళ్ళి. నేను వెళ్ళాను. నేను లేనప్పుడు అల్లూరు నుంచి చెంచురామయ్య గారు వచ్చారు. ఆయనగారి కూతురు సుశీలకు తొలి కాన్పు, ఆడపిల్ల. పుట్టింటివాళ్ళు ఉయ్యాల పెట్టాలి. ఆయన ఆ ఉయ్యాల చూశారు, ఇంకోటి చూడలేదు. దాంతోపాటు బాలింత కూర్చుని పాలివ్వడానికని ఒక పొట్టికాళ్ళ కుర్చీ కూడా తీసుకున్నారు.

నేను తిరిగి వచ్చేసరికి ఉయ్యాల ఉన్న చోట ఒక బట్టల స్టాండు ఉంది.

"లోపల మార్చినారా మామా?"

"మార్చినాం తల్లీ, మార్చినాం. నువ్వు అంత చెప్పినాక మార్చకుండా ఉంటామా? లేత నీలం రెక్సిన్, ఎంత బాగుండాదనుకున్నావ్!"

"రెక్సినా?"

"ఆయనే అడిగినాడు. తుడుచుకోను తేలికంట."

రెక్సిన్ మీద ఒక పూటంతా పోట్లాడాను. లోపలి మాట మాత్రం నమ్మాను. కొట్టు యజమాని, మా అమ్మకు తోడబుట్టినవాడు, నా ముఖం చూసి చెప్పాక నమ్మక ఏం చేస్తాను?

కంచం

కార్తీకంలో, ముసురు పట్టి ఉండగా, చెంచురామయ్య గారి దగ్గర నుంచి కబురు వచ్చింది. కుర్చీ నవారు వదులైంది, మనిషిని పంపమని. మస్తానన్నకు జ్వరం. నవారు చుట్ట, సుత్తి, శ్రావణం సంచిలో వేసుకుని నేనే బస్సెక్కాను.

ఇల్లంతా మనుషులు. మర్నాడు తల్లినీ బిడ్డనూ అత్తవారింటికి పంపుతున్నారు, తీసుకెళ్ళడానికి వియ్యపురాలు, ఆవిడ అక్క వచ్చి ఉన్నారు. నన్ను వెనక గదిలోకి తీసుకెళ్ళారు. అక్కడ సుశీల భోంచేస్తోంది.

ఆ కంచం ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది. ముద్దెడు పాతబియ్యపు అన్నం. పక్కన కాస్త వెల్లుల్లి కారం. ఇంకేమీ లేదు. పాలిచ్చే తల్లి! పాలిపోయి, దేబెలా అయిపోయింది, మోచేతి ఎముకలు పొడుచుకొచ్చాయి. పెళ్ళికి ముందు తండ్రితో మా కొట్టుకు వచ్చినప్పుడు గాజులు బిగుతని గోల చేసిన పిల్ల ఇదేనా అనిపించింది.

"పప్పేది సుశీలా?" అన్నాను.

"పప్పు బిడ్డకి పడలేదంటక్కా. ఆపేసినారు."

"మజ్జిగ?"

"అది ముందే ఆపినారు. మజ్జిగకే దగ్గు ఎక్కువయిందంట."

"కూరగాయలు?"

"బీరకాయ ఒక్కటీ పెడతా ఉండిరి. మొన్న బిడ్డకి మెడకింద పేలినాక అదీ లేదు."

"నీళ్ళన్నా తాగనిస్తున్నారా తల్లీ?"

ఆ పిల్ల నా వైపు చూడలేదు, గుమ్మంలో నిలబడ్డ వాళ్ళమ్మ వైపు చూసింది. బుజ్జమ్మ గారు రాక్షసి కాదు. కూతురి కంచంలోంచి ఒక్కొక్కటీ తీసేస్తూ తనూ సరిగ్గా తిండి తినని మనిషి. అందుకే నాకు ఇంకా మండుతుంది. చెడ్డవాళ్ళైతే తిట్టి వదిలేయవచ్చు.

"నీళ్ళు ఎక్కువ తాగితే పాలు పలచనయి బిడ్డకి రొంప చేస్తాది రాజమ్మా" అన్నారావిడ. "నీకు తెలవదా? ఎన్ని ఆపినా తగ్గలా. పాలే పడటంలా ఆ బిడ్డకి. అత్తగారింటికి పోయినాక డబ్బాపాలకి మార్చేస్తారంట. అదే మేలేమో."

సుశీల చెయ్యి ముద్ద మీద ఆగిపోయింది. "ఒద్దమ్మా" అంది, ఒక్క మాట.

అప్పుడు బిడ్డను చూశాను. తల్లి ఒళ్ళో ఉన్నప్పుడు పిల్లికూతలా సన్నగా ఊపిరి వినబడుతోంది, అంతే. సుశీల భోజనం ముగించాలని బిడ్డను తీసి పక్కనే ఉన్న ఉయ్యాలలో వేశారు. వేసిన కాసేపటికే దగ్గు. దగ్గి దగ్గి ముఖం కమిలింది. ఎత్తుకుంటే తగ్గింది. వీపంతా పేలి, ఎర్రగా, చెమర్చి ఉంది. ఒక చెంప కూడా. పొట్ట మీద ఒక్క పొక్కు లేదు. తల్లి తిన్న పప్పు బిడ్డ వీపు మీదే పేలి, పొట్టను వదిలేస్తుందా? ఇంటినిండా మనుషులున్నారు, కాన్పులు చేసిన చేతులున్నాయి, ఎవరికీ ఈ ప్రశ్న రాలేదు.

నేను వంగి, ఉయ్యాలలో బిడ్డ పడుకునే చోట నా చెంప ఆనించాను.

మేకులు

వాసన చెప్పను. వానలో తడిసిన పశువులకొట్టం తలుపు మూసి పెట్టి, చాన్నాళ్ళకు తెరిస్తే వచ్చే వాసన అనుకోండి.

"బుజ్జమ్మ గారూ, మీరొకసారి ఇట్ట వంగి వాసన చూడండి" అన్నాను.

"పసిబిడ్డల ఉయ్యాల మల్లెపూల వాసన వస్తాదా ఏంది?"

"బిడ్డ పడుకునేది ఇందులో. సుశీల కంచంలో కాదు."

"నువ్వు కుర్చీకి నవారు ఎయ్యడానికి వచ్చినావు మే, వైద్యానికి రాలా!"

అప్పటికి గొంతులు లేచాయి. వియ్యపురాలు, ఆవిడ అక్క, పక్కింటివాళ్ళు అందరూ గదిలోకి వచ్చారు. చెంచురామయ్య గారు గుమ్మం దగ్గర నిలబడ్డారు. ఇక మాటలతో పని కాదని నాకు అర్థమైంది. సంచిలోంచి శ్రావణం తీశాను.

"ఏయ్, ఏంది ఆ పని? శుభమా అని రేపు బిడ్డని సాగనంపతా ఉంటే ఉయ్యాల ఇప్పుతావా? దింపు చెయ్యి!" అని బుజ్జమ్మ గారు నా భుజం పట్టుకున్నారు. నేను ఆగలేదు. ఇత్తడి గుబ్బ మేకులు ఒక్కొక్కటీ ఊడి నేల మీద దొర్లుతున్నాయి. లేత నీలం రెక్సిన్ పక్కకు మడిచాను. దాని కింద డొరొతీ గారి పూలగుడ్డ, నేను ఎక్కడ చూశానో అక్కడే, గాలివాన మరక మీద మరకతో. దాన్నీ ఎత్తాను. కింద గుర్రపు వెంట్రుకలు నల్లగా ముద్దకట్టి, మీద తెల్లటి బూజు. గుప్పెడు తీసి పిండితే నా వేళ్ళ సందుల్లోంచి తడి కారింది.

ఎవరో "ఛీ" అన్నారు. వియ్యపురాలి అక్క కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

చెంచురామయ్య గారు మెల్లగా అన్నారు: "అంతా కొత్తది ఏసినామని చెప్పినాడే రమణయ్య."

"పైది కొత్తదండీ" అన్నాను. "నాకూ అట్టనే చెప్పినాడు."

అప్పుడు సుశీల లేచి వచ్చింది. ఎంగిలిచెయ్యి కడుక్కుని, బిడ్డను భుజాన వేసుకుని, నా పక్కన వంగి, ఆ వెంట్రుకల్లో తన చెయ్యి పెట్టింది. మణికట్టు దాకా. తీసి చూసుకుంది. చీరకు తుడుచుకుంది. ఈ విషయం మీరు గుర్తుపెట్టుకోవాలి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

తల్లీబిడ్డలు ఆ మర్నాడు పాత చీరతో కట్టిన ఉయ్యాల గుడ్డతోనే అత్తవారింటికి వెళ్ళారు. డబ్బాపాల మాట కొన్నాళ్ళు వాయిదా పడింది. టేకు ఉయ్యాల బండి మీద మా కొట్టుకు తిరిగి వచ్చింది.

మామ, మస్తానన్న

కొట్టుకు వచ్చాక ఏం జరిగిందో రాయను. మామ పోయాడు, తిరిగి జవాబు చెప్పలేడు. చెప్పగలిగి ఉన్నప్పుడు ఆయన అన్న మాట ఒకటి రాస్తాను: "చెక్క పుచ్చింది అమ్మినానా? లేదు గదా! వెంట్రుకలకే ఇంత రాద్ధాంతమా?" ఆయనకు నిజంగానే అర్థం కాలేదు. మనుషుల నిజాయితీకి కూడా ఒక హద్దు ఉంటుందనీ, దాని అవతల వాళ్ళకు ఏమీ కనబడదనీ నేను మా మామ దగ్గర నేర్చుకున్నాను. మీ యజమాని నిజాయితీ ఎక్కడ ఆగుతుందో ముందు కనిపెట్టండి. నిలబడాల్సింది ఆ గట్టు మీదే.

మస్తానన్న మాత్రం, "మేకు కొట్టేది నా చెయ్యి, కొట్టమనేది మీ మామ నోరు. నన్నెందుకమ్మా ఉరిమి చూస్తావు?" అన్నాడు. ఆ మాట విని మిగతావాళ్ళు పాపం అనుకున్నారు. నేను అనుకోలేదు. "చేత్తో వాసన తెలవదు అన్నా, మేకు కొట్టేటప్పుడు ముక్కు యాడ పెట్టినావు?" అన్నాను. అతను నవ్వేశాడు. నేను నవ్వలేదు. చేసేవాడికి తెలియకుండా ఈ పనిలో ఏ మోసమూ జరగదు.

ఆ తర్వాత పిల్లల సామాను ఏదైనా నేను చెయ్యి పెట్టి చూడందే గుమ్మం దాటకూడదని తెగేసి చెప్పాను. "నీ నోటికి భయపడి ఒప్పుకుంటా ఉండా, నీ న్యాయానికి కాదు" అన్నాడు మామ. ఏ దారిన వస్తేనేం, వచ్చింది.

సూది అప్పుడే నేర్చుకున్నాను. ఆ ఉయ్యాలను ఉత్త చెక్క చేసి, మాఘం ఎండల్లో ఆరబెట్టి, బూరుగు దూది నింపి, నూలు గుడ్డ కుట్టాను. మేకులు లేవు. నాడాలు కట్టి, విప్పి ఉతుక్కునేలా పెట్టాను. నేను ఈ చేతులతో చేసిన మొదటి పని అదే. చెంచురామయ్య గారు మనిషిని పంపి సుశీల అత్తవారింటికి చేర్పించారు.

మజ్జిగ మహిమ

బిడ్డకు తగ్గింది. శివరాత్రి నాటికి ఒళ్ళు నున్నగా అయింది, దగ్గు పోయింది. పద్మ అని పేరు పెట్టిన ఆ పిల్ల గుమ్మడిపండులా ఉందని విని నేను ఎంత సంతోషించానో చెప్పలేను.

ఆ సంతోషం కొన్నాళ్ళే. అల్లూరు నుంచి ఎవరో బీరువాకు వచ్చి, మాటల్లో అన్నారు: "బుజ్జమ్మగారి మనవరాలికి ఎంత జబ్బు చేసిందో, పాపం! మజ్జిగా పప్పూ మానిపించి, నీళ్ళు తగ్గించి, గట్టిగా పథ్యం పట్టించినారు. అదే కాపాడింది బిడ్డని."

తడి వెంట్రుకలు చూసినవాళ్ళు ఆ రోజు గదినిండా ఉన్నారు. అందరూ ముక్కు మూసుకున్నారు. కానీ ఇంటికి వెళ్ళి చెప్పుకునేటప్పుడు ఆ కథ రెండు ముక్కలైంది. బిడ్డకు తగ్గడం పథ్యం ఖాతాలోకి పోయింది. ఉయ్యాల విప్పడం నా కోపం ఖాతాలోకి వచ్చింది. ఈ రెండింటికీ సంబంధం ఉందని ఒక్కరూ అనలేదు.

చదువులేక అన్నారనకండి. ఆ గదిలో నాకంటే తెలివైనవాళ్ళున్నారు. మరి ఏమిటిది? పథ్యం తప్పని ఒప్పుకుంటే ఆ పిల్ల ఆకలి ఊరికే పోయినట్టవుతుంది. దాన్ని ఏ తల్లి ఒప్పుకుంటుంది? నేను ఇంతవరకు ఊహించగలను. ఆ పైన ఊహించలేకపోతున్నాను, ఎందుకో చెబుతాను.

మళ్ళీ అదే ఉయ్యాల

కొట్టు ఎప్పుడో మూతపడింది. నా కళ్ళకు సూదిలో దారం ఎక్కడం మానేసింది. ఈమధ్య ఒకరోజు ఇంటి ముందు రిక్షా ఆగింది. దిగింది సుశీల. జుట్టు నెరిసింది, నడుము చుట్టూ ఒళ్ళు వచ్చింది. రిక్షాలో డొరొతీ గారి ఉయ్యాల.

"పద్మకి బిడ్డ పుట్టిందక్కా. ఆడపిల్లే. నువ్వు తప్ప దీన్ని ఎవురూ బాగుచెయ్యలేరని తెచ్చినా."

ఎంత మురిసిపోయానో! కళ్ళజోడు పెట్టుకుని దగ్గరికి వెళ్ళాను. నేను కుట్టిన నూలు గుడ్డ కనబడలేదు. దాని మీద ఎవరో గులాబీరంగు ప్లాస్టిక్ షీటు పరిచి, చుట్టూ మేకులు కొట్టారు.

"ఇదెవరి పని?"

"రెండోవాడు పుట్టినప్పుడు ఏయించినాం. తుడుచుకోను తేలిక గదా."

"ఇప్పుడు పద్మ బిడ్డను ఇందులోనే వేస్తున్నారా?"

"ఏస్తా ఉండాం. ఆ పసిదానికి ఒళ్ళంతా పేలిందక్కా. పద్మకి మజ్జిగ ఆపించినా. పప్పు కూడా. అది ఏడస్తా ఉండాది ఆకలని, ఏం జేసేది!"

లోపలికి వెళ్ళి పాత శ్రావణం తెచ్చాను. మేకులు పీకాను. ప్లాస్టిక్ తీశాను. నా నూలు గుడ్డ, పసుపుపచ్చగా, అంటుకుపోయి ఉంది. దాని కింద నేను నింపిన బూరుగు దూది, అంబలి ముద్దలా.

"చెయ్యి పెట్టి చూడు" అన్నాను.

పెట్టింది. అదే చెయ్యి. తీసి చూసుకుని, అప్పట్లాగే చీర కొంగుకు తుడుచుకుంది. "అయ్యో, తడిసిపోయినట్టుండాదే" అంది. "పిల్లముండలు పట్టించుకోరు అక్కా, తుడవరు."

దూది మార్చి ఇస్తానన్నాను. అంతవరకు చీర ఉయ్యాల కట్టమన్నాను. సరేనంది, కాఫీ తాగింది, మా ఆయన ఆరోగ్యం అడిగింది. వెళ్ళబోతూ గుమ్మంలో ఆగి, నిజంగా సలహా అడుగుతున్నట్టు అడిగింది:

"పద్మకి ఇంకా కొన్నాళ్ళు మజ్జిగ పొయ్యకుండా ఉంటేనే మంచిది గదక్కా?"

"ఇంటికి పోగానే పొయ్యి, గ్లాసు నిండా పొయ్యి" అని అరిచాను. నవ్వి, తల ఊపి, రిక్షా ఎక్కింది. పోస్తుందన్న నమ్మకం నాకు లేదు. రేపు ఆ బిడ్డకు తగ్గాక ఏ మాట ప్రచారమవుతుందో కూడా నాకు తెలుసు.

అమ్మాయిలూ, రెక్సిన్ వేయకండి, చెక్క కనబడేదాకా విప్పండి, బిడ్డ చెంప ఆనించే చోట ముందు మీ చెంప ఆనించండి. ఇవన్నీ మీకు చెప్పగలను. ఒక్కటి మాత్రం మీకూ చెప్పలేను. అది సుశీలనే అడగాలి. ఆ వెల్లుల్లి కారం మెతుకులు తిన్నది నువ్వు. డబ్బాపాలు వద్దమ్మా అన్నది నువ్వు. ఆ తడి నీ చేత్తో రెండుసార్లు ముట్టుకున్నది నువ్వు. అయినా నీ కూతురి కంచంలోంచే ఎందుకు తీస్తున్నావు సుశీలా?